కిమోనో ఎంచుకోవాలంటే ముందు ఎక్కడికి, తర్వాత ఏ నెల, రేటు ఆఖర్న

ఖరీదైనది వేసుకుంటే ఎక్కడైనా చెల్లిపోతుంది అనుకుంటాం, కిమోనో విషయంలో ఆ లెక్క కుదరదు. ఓషిమా త్సుముగినే చూడండి, అమామి ఓషిమా దీవిలో దారానికి బురదతో రంగు పట్టించి నేసే పట్టు అది, రేటు వింటే కళ్ళు తిరుగుతాయి, అయినా పెళ్ళికి పనికిరాదు, ఎందుకంటే త్సుముగి అనే ఈ రకం నేత పట్టు ఎంత ఖరీదైనా జపాన్ వాళ్ళ దృష్టిలో క్యాజువలే.

పెళ్ళికి గెస్ట్‌గా వెళ్తుంటే హోమోంగి అనే ఫార్మల్ రకం కిమోనో సేఫ్. కుట్టు దగ్గర చూడండి, డిజైన్ అక్కడ తెగిపోకుండా ఒకే బొమ్మలా అవతలి ముక్కలోకి సాగిపోతే అది హోమోంగి అయ్యే ఛాన్స్ ఎక్కువ. చిన్న డిజైన్ బట్టంతా రిపీట్ అవుతుంటే కొమోన్, అది షాపింగ్‌కీ లంచ్‌కీ. వధూవరుల అమ్మలు కురోతోమెసోదె కడతారు, నల్లది, ఐదు చోట్ల కుటుంబ ముద్ర, డిజైన్ నడుము కింద మాత్రమే. పెళ్ళికాని అమ్మాయిలకి పొడుగు చేతుల ఫురిసోదె, జనవరి రెండో సోమవారం వచ్చే సేజిన్ నో హి, అంటే యుక్తవయసు వచ్చినవాళ్ళ పండగ రోజున ఎటు చూసినా అవే. మగవాళ్ళకి ఈ తలనొప్పి తక్కువే, ఫార్మల్ అంటే కుటుంబ ముద్రలున్న నల్ల కిమోనో (మొంత్సుకి), పైన కోటులాంటి హావొరి, కింద కుచ్చిళ్ళ హకామా, అంతే.

ఇక నెల సంగతి. అక్టోబర్ నుంచి మే దాకా లైనింగ్ ఉన్న అవాసె, జూన్ సెప్టెంబర్‌లలో లైనింగ్ లేని హితోయె, జూలై ఆగస్టుల్లో రో, ష లాంటి గాలాడే పల్చటి బట్టలు. ఎండలు ముదిరిపోయి ఇప్పుడు చాలామంది మేలోనే హితోయెకి మారిపోతున్నారు, అదేం తప్పు కాదు, కాకపోతే టీ సెరిమనీకి పిలిస్తే మాత్రం పిలిచినవాళ్ళని ఒకసారి అడగండి, అక్కడ పాత పద్ధతి పట్టింపు ఎక్కువ. డిజైన్ కూడా సీజన్ కన్నా కాస్త ముందుండాలి, సకురా పూలది చెట్టు పూయకముందే కట్టేయాలన్నమాట, నాకైతే ఈ రూల్ భలే నచ్చుతుంది.

ఎండాకాలం టూర్‌కి వెళ్ళేవాళ్ళు ఇదంతా పెట్టుకోకుండా యుకాతా అనే తేలికపాటి కాటన్ కిమోనో తీసుకోండి, కిమోనో లోపల వేసుకునే నాగాజుబాన్ దీనికి అక్కర్లేదు, ఒట్టి కాళ్ళకి గెతా అనే చెక్క చెప్పులు వేసుకుంటే బాణసంచా పండగలకి, మాత్సురీలనే జాతరలకి హాయిగా తిరగొచ్చు, పెళ్ళికి మాత్రం వద్దు.

ఏది కట్టినా మీ ఎడమవైపు అంచు కుడిదాని మీదకి రావాలి, కుడి చెయ్యి ఛాతీ దగ్గర మడతలోకి సులువుగా దూరితే కరెక్ట్. తిరగేసి కట్టేది చనిపోయినవాళ్ళకి. సెల్ఫీ కెమెరా తిప్పి చూపిస్తుంది కాబట్టి స్క్రీన్ చూసి కంగారు పడి మార్చేయకండి, కిందకి వంగి చూసుకోండి.