తేలికపాటి మోటార్‌సైకిల్‌కు అలవాటుపడటం: 4వ పాఠం – చేతులు వదులు, మోకాళ్లు బిగువు

గత పాఠంలో, బండి వేగంలో ఉన్నప్పుడు ఎడమకు తిరగాలంటే ఎడమ గ్రిప్పును ముందుకు నెట్టాలని రాశాను. ఆ మాట సరైనదే. అయితే ఎంత బలంతో నెట్టాలో చెప్పకపోవడం నా పొరపాటు. ఏళ్ల తరబడి బరువైన బండ్లు నడిపి ఇప్పుడు తేలికపాటి బండికి మారినవారు సహజంగానే పాత బలంతో నెట్టారు. బండి ఉన్నట్టుండి ఒరిగి మలుపు లోపలి అంచుకు దూసుకుపోయిందని, బెదిరి రెండో గ్రిప్పును నెట్టేసరికి అటువైపు ఊగిందని, ఇంటికి చేరేదాకా భుజాలు పట్టేసినట్టు ఉన్నాయని మీలో చాలామంది రాశారు. అందుచేత ఈసారి చెప్పదలచిన ముందు బ్రేకు సంగతిని తరువాతి పాఠానికి వాయిదా వేసి, ఈ తడబాటునే సరిచేసుకుందాం.

ముందుగా ఒక అపోహను తొలగించాలి. తేలికపాటి బండి మలుపులో ఎక్కువగా ఒరగదు. ఒక మలుపును ఒక వేగంతో దాటడానికి ఎంత ఒరగాలన్నది ఆ వేగాన్ని, మలుపు వ్యాసార్థాన్ని బట్టి ఉంటుంది తప్ప బండి బరువును బట్టి కాదు. 20 మీటర్ల వ్యాసార్థం గల మలుపును గంటకు 36 కిలోమీటర్ల వేగంతో దాటాలంటే, బండి 115 కిలోలున్నా 220 కిలోలున్నా, సుమారు 27 డిగ్రీలు ఒరగవలసిందే. తేడా అంతా ఆ ఒరుగుడు ఎంత కొద్దిపాటి బలానికి, ఎంత త్వరగా వస్తుందన్నదానిలో ఉంది. చిన్న బండికి చక్రాలు తేలిక, టైర్లు సన్నం, రెండు చక్రాల మధ్య దూరం తక్కువ, సాధారణంగా ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు కూడా కొంచెం నిటారుగా ఉంటుంది; ఇవన్నీ కలిసి హ్యాండిల్‌ను చురుకుగా చేస్తాయి. దీనికి మీ ఒంటి బరువును కూడా కలపండి. 70 కిలోల మనిషి 220 కిలోల బండి మీద కూర్చుంటే మొత్తం బరువులో నాలుగో వంతు కంటే కొంచెం తక్కువ. 115 కిలోల బండి మీద కూర్చుంటే దాదాపు ఐదింట రెండు వంతులు. పెద్ద బండి మీద మీరు సర్దుకుని కూర్చుంటే బండికి తెలియదు. చిన్న బండికి తెలుస్తుంది.

ఇక అసలు చిక్కు దగ్గరికి వస్తాను. నన్ను అన్నిటికంటే బాధపెట్టే మాట ఏమిటంటే, "బండి చురుకుగా ఉంది కాబట్టి హ్యాండిల్‌ను ఇంకా గట్టిగా పట్టుకున్నాను" అనేది. ఇది చాలా సహజమైన ఆలోచన, అంతే హానికరమైన ఆలోచన. ముందు చక్రం నేలను తాకే చోటు, హ్యాండిల్‌తో పాటు ఫోర్కు ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీతను కిందికి పొడిగిస్తే అది నేలను తాకే చోటుకు కొంచెం వెనుకగా ఉంటుంది. ఈ అమరిక వల్ల, రాయి తగిలి పక్కకు తిరిగిన చక్రం తనంతట తానే నేరుగా సర్దుకుంటుంది. ఆ సర్దుబాటుకు అడ్డు తగిలేది బిగుసుకుపోయిన మీ చేతులే. మోచేతులు చాచి, గ్రిప్పులను బిగించి పట్టుకున్నారంటే మీ భుజాలను ముందు చక్రానికి కట్టేసినట్టే. అప్పటినుంచి చక్రానికి తగిలిన ప్రతి గతుకూ మీ ఒంటిని కుదుపుతుంది, మీ ఒంటి ప్రతి కదలికా తిరిగి చక్రాన్ని తిప్పుతుంది. పెద్ద బండి తన బరువుతో ఇందులో చాలా భాగాన్ని దిగమింగుతుంది కనుక అక్కడ ఈ లోపం బయటపడదు. చిన్న బండి దేన్నీ దాచదు.

నా అనుభవమే ఒకటి చెబుతాను. బరువైన బండిని వదిలి చిన్న బండికి మారిన తొలి రోజుల్లో, వెనుక వచ్చే వాహనాన్ని చూడటానికి కుడి భుజం మీదుగా తల తిప్పినప్పుడల్లా బండి ఎడమకు జరిగేది. ముందు టైరు వంకరగా అరిగిందని ఒకసారి, స్టీరింగ్ బేరింగులు వదులయ్యాయని మరొకసారి అనుమానించి రెండుసార్లు విప్పించాను. ఏ లోపమూ కనబడలేదు. లోపం నా చేతుల్లో ఉంది. తలతో పాటు నడుము పైభాగమంతా కుడికి తిరిగేది. బిగుసుకున్న కుడి చేయి కుడి గ్రిప్పును వెనక్కి లాగేది, ఎడమ చేయి ఎడమ గ్రిప్పును ముందుకు నెట్టేది. గత పాఠం ప్రకారం, అలా నెడితే బండి ఎడమకే ఒరగాలి కదా. చేతులు వదులు చేసిన రోజునే ఆ జబ్బు పోయింది.

పక్కగాలి విషయమూ ఇంతే. పొడవైన లారీని దాటుతున్నంతసేపూ దాని చాటున గాలి ఆగి, దాని ముందుకు రాగానే ఒక్కసారిగా తగులుతుంది. ఆ క్షణంలో చేతులు బిగిస్తే గాలి మీ ఒంటిని తోసిన తోపు నేరుగా హ్యాండిల్‌కు చేరుతుంది. చేతులు వదులుగా, మోకాళ్లు ట్యాంకును కరుచుకుని ఉంటే బండి మీ కింద కాస్త ఊగి నిలదొక్కుకుంటుంది; గాలి వచ్చే వైపు గ్రిప్పును ఏమాత్రమో నొక్కి ఉంచితే చాలు.

కాబట్టి పట్టు మోకాళ్లలో ఉండాలి. ట్యాంకును రెండు మోకాళ్లతో అదిమి, పాదాల ముందు భాగాన్ని ఫుట్‌రెస్టుల మీద ఉంచి, ఒంటి బరువును కాళ్లకూ సీటుకూ అప్పగించండి. మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి. నడుస్తున్న బండి మీద వాటిని పైకీ కిందికీ ఆడించగలిగితే సరిగా ఉన్నట్టు. మణికట్టు వంగకుండా లీవర్ల కోణాన్ని సర్దించుకోవడం నా అలవాటు. ముందు డిస్కు బ్రేకు ఉన్న చిన్న బండి మీద రెండు వేళ్లనే లీవర్ మీద ఉంచుతాను, మిగిలినవి గ్రిప్పును వదలవు. డ్రమ్ము బ్రేకు అయితే నాలుగు వేళ్లూ వాడండి. పట్టు ఎంత ఉందో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. అరగంట నడిపాక బండి ఆపి, గ్లవ్ తీసి అరచేతిని చూసుకోండి. గ్లవ్ లోపలి కుట్టు అరచేతిలో ఎర్రని గీతగా అచ్చుపడి ఉంటే మీరు ఇంకా హ్యాండిల్‌కు వేలాడుతున్నట్టే.

క్లచ్, గేర్ల సంగతి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు.

ఇక సాధన. తడి, ఇసుక లేని ఖాళీ మైదానం కావాలి. టైర్లు చల్లగా ఉన్నప్పుడే బండి పుస్తకంలో చెప్పినంత గాలి ఉందో లేదో చూసుకోండి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో నేరుగా వెళుతూ, కాలింగ్ బెల్ నొక్కేంత బలంతో మాత్రమే ఎడమ గ్రిప్పును అరచేతి మడమతో ముందుకు నొక్కి వదలండి. బండి ఒరగడం, వదిలాక తిరిగి నిటారు కావడం గమనించండి. ఎడమకు 20 సార్లు, కుడికి 20 సార్లు చేయాలి. తరువాత 12 మీటర్ల ఎడంతో ఆరు ఖాళీ ప్లాస్టిక్ సీసాలను వరుసగా నిలబెట్టి, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వాటి మధ్య ఎడమకూ కుడికీ మారుతూ సాగండి. వరుసగా 40 సార్లు ఒక్క సీసానూ తాకకుండా దాటాలి. ఏది పడినా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఇది చాలా ఎక్కువని మీకు అనిపిస్తుంది. కానీ అలసట వచ్చాకే చేతులు పాత అలవాటుకు తిరిగి వెళతాయి, ఆ తిరిగి వెళ్లడాన్ని మీరు స్వయంగా పట్టుకోవాలి. వేళ్లు బిగుస్తున్నాయని తెలియగానే ఆగి, కాస్త విశ్రాంతి తీసుకుని మళ్లీ మొదలుపెట్టండి.

చివరగా, బొటనవేలంత లావు తాడును దారికి అడ్డంగా పరిచి, గంటకు 20 కిలోమీటర్ల వేగంతో దాన్ని సూటిగా దాటండి. ముందు చక్రం తాడెక్కిన క్షణాన గ్రిప్పు మీ అరచేతిలో చిన్నగా అదిరి, మీరేమీ చేయకుండానే తన చోటుకు వచ్చి నిలుస్తుంది. ఆ అదురు భుజం దాకా రాకుండా మోచేతి దగ్గరే ఆగిపోయేంతవరకు 5వ పాఠంలోని ముందు బ్రేకు జోలికి వెళ్లవద్దు.