లైకులు సరే, అమ్మకాలు ఎలా మొదలయ్యాయంటే

ఇన్‌స్టాగ్రామ్‌లో నా కలంకారీ బొమ్మలకు లైకులు బాగానే వచ్చేవి, ‘రేటెంతండీ’ అని అడిగినవాళ్లు మాత్రం చెప్పగానే మాయమైపోయేవాళ్లు. హ్యాష్‌ట్యాగులు, రోజుకో రీల్, డబ్బు కట్టి బూస్ట్ చేయడం, ఏవీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. ముందు బెంగళూరు మారతహళ్లిలో మా బాల్కనీలో, ఎండ నేరుగా పడని చోట, బొమ్మ పక్కన తెల్ల కాగితం పెట్టి ఫొటో తీశాను. ఆ కాగితం తెల్లగా కనబడేదాకా ఫోన్‌లో వైట్ బ్యాలెన్స్ సరిచేస్తే, ఇనుము, బెల్లం ఊరబెట్టి చేసే కసిమి నలుపు గోధుమరంగులోకి పోకుండా ఉన్నది ఉన్నట్టే వచ్చింది. తర్వాత సైజు తెలిసేలా చేత్తో పట్టుకుని ఇంకో ఫొటో. చివరగా వాట్సాప్ బిజినెస్ కేటలాగ్‌లో ఒక్కో బొమ్మకు అంగుళాలు, కొరియర్ ఖర్చు కలిపిన ధర రాసి, ఆ లింకు ప్రొఫైల్‌లో పెట్టాను. ఇప్పుడు మెసేజ్ పెట్టేవాళ్లలో చాలామంది రేటు చూసుకునే వస్తున్నారు.

ఇది చిన్న బొమ్మల సంగతి. పెద్దవాటికి పనిచేస్తుందని మాత్రం చెప్పలేను, అవి బెంగళూరులో ఏటా జరిగే బొమ్మల సంత ‘చిత్రసంతె’లో ఎదురుగా చూసే కొంటున్నారు.