పెరటి నీళ్ల మూకుడు దగ్గర పిట్టల ఫొటోలు: సమస్యలు, పరిష్కారాలు

నెల్లూరు, కావలి, ఒంగోలు ప్రాంతాల్లో ఎండలు ముదిరేకొద్దీ కుంటలు ఎండుతాయి. అప్పుడు పెరట్లో నీళ్లు పెట్టిన ఇంటికి పికిలి పిట్టలు, గోరువంకలు, గువ్వలు, పిచ్చుకలు పిలవకుండానే వస్తాయి. ఫొటో మాత్రం అనుకున్నట్టు రాదు. వెంటనే చాలామంది కొత్త లెన్సు ధర కనుక్కుంటారు. నన్నడిగితే ముందు మూకుడిని, దాన్ని పెట్టిన చోటును చూడమంటాను. అందుకే ఇక్కడ నీళ్ల సంగతి ముందు, కెమెరా సంగతి తరువాత.

అసలు పిట్టలే రావడం లేదు

కాలం చూడండి. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు. ప్రతి గుంటలోనూ నీళ్లున్నప్పుడు మీ మూకుడితో వాటికి పనేమిటి? ఫిబ్రవరి దాకా ఆగండి.

ఎండాకాలంలోనూ రాకపోతే తప్పు పాత్రదే కావచ్చు. స్టీలు బేసిన్ కాళ్లకు జారుతుంది, ఎండకు కాలుతుంది, పైగా మెరుపుతో ఫొటోను పాడుచేస్తుంది. వెడల్పాటి మట్టి మూకుడు మేలు. నీళ్లు మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల లోతుంటే చాలు. ఎక్కువైతే మధ్యలో ఒక గరుకు రాయి పెట్టండి. పొదను ఆనించి పెడితే పిల్లి మాటు వేస్తుంది, నట్టనడుమ పెడితే డేగ భయం. పొదకు రెండు మీటర్ల ఎడం ఉంటే రెండు బాధలూ తగ్గుతాయి. రోజూ నీళ్లు పారబోసి, కొబ్బరి పీచుతో రుద్ది కడగాలి. లేకపోతే పాచి పడుతుంది, వారం తిరిగేసరికి దోమలు లేస్తాయి.

కెమెరా ఎత్తగానే ఎగిరిపోతున్నాయి

వాటి భయం కెమెరాను చూసి కాదు, కదలికను చూసి. కెమెరాను ముందే స్టాండు మీద బిగించి, గదిలో లైట్లు ఆర్పి, కర్టెన్ సందులోంచి తీయండి. కిటికీ మూసే తీయవలసి వస్తే లెన్సును దాదాపు అద్దానికి ఆనించి, చుట్టూ నల్లగుడ్డ కప్పితే గదిలోని వస్తువుల నీడలు పడవు. దోమతెర లోంచి తీస్తే మాత్రం బొమ్మలో పదును ఉండదు.

చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ తాగుతున్న పిట్టకు బాగుంటుంది. రెక్కలు కొట్టే పిట్టకు వాడితే చాలా కెమెరాల్లో రెక్క వంకర తిరిగి కనిపిస్తుంది. ఇక ఫోనులో కూతలు వినిపించి పిట్టల్ని రప్పించడం గూళ్లు కట్టే వేళ వాటిని లేనిపోని పోరుకు ఉసిగొల్పడమే. నీళ్లున్న చోట ఆ అవసరమే లేదు.

బొమ్మ మసకగా వస్తోంది

ఇక్కడ తొందరపడకూడదు. మసకలో రకాలున్నాయి, ఫొటోను పెద్దది చేసి చూస్తే ఏ రకమో తెలుస్తుంది.

ఒళ్లు స్పష్టంగా ఉండి రెక్కలు, తుంపరలు చెదిరితే షట్టర్ వేగం, అంటే కెమెరా రెప్ప తెరిచి మూసే వేగం, చాలలేదు. తాగే పిట్టకు సెకనులో 1/500 వంతు సరిపోతుంది, జలకాలాడే పిట్టకు 1/2000 కావాలి. చెట్టునీడలో ఎఫ్ 5.6 (లెన్సు రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే అంకె) దగ్గర ఆ వేగం రావాలంటే ఐఎస్‌వో (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 1600 నుంచి 6400 దాకా పోతుంది. పోనివ్వండి. దానివల్ల బొమ్మలో వచ్చే గరుకుదనాన్ని తరువాత కంప్యూటర్‌లో తగ్గించుకోవచ్చు, చెదిరిన రెక్కను ఎవరూ సరిచేయలేరు.

మూకుడు అంచు పదునుగా ఉండి పిట్ట మసకైతే ఫోకస్ అంచును పట్టుకుందన్నమాట. ఒకే ఫోకస్ బిందువు ఎంచుకుని కంటి మీద ఉంచండి. కన్ను బాగుండి తోక మసకైతే అది తప్పు కాదు, లెన్సు స్వభావం: 300 మి.మీ. లెన్సుతో మూడు మీటర్ల నుంచి ఎఫ్ 5.6 దగ్గర తీస్తే స్పష్టంగా ఉండే లోతు మూడు సెంటీమీటర్లకు అటూఇటూ. ఎఫ్ 8 పెడితే రంధ్రం చిన్నదై ఆ లోతు కొంత పెరుగుతుంది, వెలుతురు మాత్రం తగ్గుతుంది. పిట్ట పక్కకు తిరిగేదాకా ఆగడం అంతకంటే మంచి ఉపాయం, వెలుతురూ నష్టపోము.

లెన్సు ముందుకూ వెనక్కూ తిరుగుతూ ఎక్కడా నిలవకపోతే మీరు మరీ దగ్గరగా ఉన్నారు. ఎంత దగ్గరి నుంచి ఫోకస్ అవుతుందో చాలా లెన్సుల మీదే రాసి ఉంటుంది.

ఉదయం తీసినవి బాగుండి మధ్యాహ్నం తీసినవే అలికినట్టు వస్తుంటే కెమెరాను అనుమానించకండి. అది కాలిన సిమెంటు గచ్చు మీద లేచే వేడిగాలి పని. రోహిణి కార్తెలో డాబా మీద పెట్టిన మూకుడికి ఎంత ఖరీదైన లెన్సూ న్యాయం చేయలేదు. ఏసీ గది కిటికీ తెరిచి తీసినా చల్లగాలి, వేడిగాలి కలిసే చోట ఇదే తంటా. మూకుడిని వేపచెట్టు కింద మట్టినేల మీదికి మార్చి, ఉదయం ఎనిమిదిలోపు తీయండి.

తల ఎప్పుడూ నీళ్లలోనే ఉంటోంది

పికిలి పిట్ట, గోరువంక ముక్కుతో నీళ్లు పట్టి, తల పైకెత్తి మింగుతాయి. ఎత్తిన ఆ క్షణమే మీది. గువ్వలు అలా కాదు, ముక్కు ముంచి ఏకబిగిన పీల్చుకుంటాయి. వాటి విషయంలో తాగడం ముగిసేదాకా ఆగాలి. మూకుడిని ఇటుకల మీద ఎత్తి, కెమెరాను నీటి మట్టానికి దించితే కన్నూ దొరుకుతుంది, నీళ్లలో నీడా దొరుకుతుంది.

పక్కనే ఒక ఎండుకొమ్మ పాతండి. దిగే ముందు పరిసరాలు చూసుకోవడానికీ, స్నానమయ్యాక ఈకలు దువ్వుకోవడానికీ అక్కడే వాలతాయి. నా దృష్టిలో నీళ్లలోని ఫొటోల కంటే ఆ కొమ్మ మీది ఫొటోలే బాగుంటాయి.

రంగులు తేడాగా ఉన్నాయి

పెద్ద నల్లంచి (మ్యాగ్‌పై రాబిన్) రెక్క మీది తెల్లపట్టీలో ఈకలేవీ కనిపించకపోతే ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోలో నమోదయ్యే వెలుతురును, 2/3 స్టాప్ (వెలుతురు కొలత) తగ్గించండి. చెట్టు కింద అంతా ఆకుపచ్చగా వస్తే వైట్ బ్యాలెన్స్‌ను (రంగుల అమరికను) ఆటో నుంచి నీడకు (షేడ్) మార్చి చూడండి, చాలకపోతే రా ఫైలులో (కెమెరా మార్పులు చేయకుండా దాచే ఫైలు) సరిచేసుకోండి.

ఫోనే ఉంది

జూమ్ చేయవద్దు. నీళ్లకు అర మీటరు దూరంలో ఇటుకల మధ్య ఫోనును నిలబెట్టి, బ్లూటూత్ మీటతో ఇంట్లోంచి నొక్కండి. మొదటి రోజు పిట్టలు బెదరవచ్చు. అందుకే రెండు రోజుల ముందే ఆ ఇటుకలను అక్కడ ఉంచాలి.

కాకి మూకుడిని వదలడం లేదు

దీనికి పూర్తి మందు లేదు. నెల్లూరులో చేపలు వండని ఇల్లు తక్కువ, కాకి తెచ్చిన చేప ముల్లును మీ మూకుడిలోనే నానబెడుతుంది. ఆ నీళ్లు వెంటనే పారబోయండి. గోడ మీద దానికోసం ఇంకో పాత్ర, కాస్త లోతైనది, విడిగా పెట్టండి. అక్కడికి అలవాటు పడితే చిన్న పిట్టలు ఈ మూకుడికి తిరిగి వస్తాయి. ఈలోగా కాకినే తీయండి: నలుపు బూడిదగా రాకుండా ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించి, పక్కవాటు వెలుతురు పడే వేళ తీస్తే మెడ మీది బూడిదరంగు, వీపు మీది నీలి మెరుపు రెండూ వస్తాయి.