అమెరికా విశ్వవిద్యాలయంలో సెయిలింగ్ క్లబ్బులో చేరడం ఎలా?

ఏటా ఆగస్టులో అమెరికా విశ్వవిద్యాలయాల్లో అడుగుపెట్టే తెలుగు విద్యార్థుల్లో చాలామంది మొదటి వారంలోనే క్రికెట్ జట్టునో తెలుగు సంఘాన్నో వెతికి పట్టుకుంటారు. క్యాంపస్ పక్కన ఉన్న నదిలోనో సరస్సులోనో తెల్లని తెరచాపలు కదులుతుంటే మాత్రం, అది చిన్నప్పటి నుంచీ ఇంట్లో పడవలున్న పిల్లల వ్యవహారమని అనుకుని పక్కకు తప్పుకుంటారు. ఈ అభిప్రాయం సరికాదు. అక్కడి క్లబ్బుల్లో చాలావరకు తెరచాప తాడును ఎన్నడూ పట్టనివారికి కూడా మొదటి నుంచి నేర్పుతాయి. పడవ కొనవలసిన పని లేదు, పడవలు క్లబ్బువే. బోస్టన్‌కు ఎదురుగా చార్లెస్ నది ఒడ్డున ఎం.ఐ.టి. ఈ పద్ధతిని 1930లలోనే నెలకొల్పింది. ఆ సంస్థలో ఆచార్యుడైన జార్జ్ ఓవెన్ విద్యార్థుల కోసం రూపొందించిన ‘టెక్ డింగీ’ అనే చిన్న పడవ, ఎన్నో మార్పులతో, ఇప్పటికీ అక్కడి రేవులో కనిపిస్తుంది.

ఏ క్లబ్బు మీకు తగినదో ముందు తేల్చుకోండి

సెయిలింగ్ పేరుతో ఒకే క్యాంపస్‌లో రెండు వేర్వేరు బృందాలు ఉండవచ్చు. ఒకటి ఇతర కళాశాలలతో పోటీపడే జట్టు, రెండోది సరదాగా నేర్చుకుని నడిపేవారి క్లబ్బు. పోటీ జట్లు ఎక్కువగా 420, ఎఫ్‌జె (ఫ్లయింగ్ జూనియర్) అనే ఇద్దరు మనుషుల పడవలను వాడతాయి. చుక్కాని పట్టేవారిని స్కిప్పర్ అనీ, ముందు తెరచాపనూ పడవ సమతూకాన్నీ చూసుకునేవారిని క్రూ అనీ అంటారు. 420 అనే పేరు పడవ పొడవును బట్టి వచ్చింది, అది 4.2 మీటర్లు. కొన్ని జట్లు అనుభవం లేనివారిని కూడా క్రూగా తీసుకుంటాయి కాబట్టి అడగడంలో తప్పు లేదు. అయితే ఎం.ఎస్. చదివేవారు, అంతర కళాశాలల పోటీల్లో పాల్గొనే అర్హత తమకు ఉందో లేదో ముందే విచారించుకోవాలి. నా ఉద్దేశంలో కొత్తవారికి రెండో రకం క్లబ్బే మేలు. మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మెండోటా సరస్సు మీద నడిచే హూఫర్ సెయిలింగ్ క్లబ్బు ఇందుకు మంచి ఉదాహరణ.

ఈత సంగతి దాచిపెట్టవద్దు

మనవాళ్లు వెనక్కి తగ్గేది ఎక్కువగా ఇక్కడే. ఊరి చెరువులోనో కాలువలోనో ఈత నేర్చిన తరం వేరు. అపార్ట్‌మెంట్లలో పెరిగి, కోచింగ్ సెంటర్లలో సెలవులు గడిపిన ఈ తరంలో ఈత రానివారు చాలామంది ఉన్నారు. క్లబ్బులు సాధారణంగా ఈత పరీక్ష పెడతాయి, లేదా ఈత వచ్చునని సంతకం చేయమంటాయి. లైఫ్ జాకెట్ ఉంటుంది కదా అన్న ధీమాతో రాని ఈతను వచ్చునని రాయడం ప్రాణాలతో చెలగాటమే. జాకెట్ మిమ్మల్ని తేల్చి ఉంచుతుంది గానీ, చల్లని నీళ్లలో పడిన మొదటి నిమిషంలో ఊపిరి బిగబట్టినట్టై కలిగే భయాన్ని పోగొట్టలేదు.

ఈత రాదని చెప్పడానికి సిగ్గుపడనక్కరలేదు. ఎం.ఐ.టి.లో డిగ్రీ స్థాయి విద్యార్థులందరికీ ఈత తప్పనిసరి. వారు 100 గజాలు ఈది చూపించాలి, లేదా ఈత తరగతిలో చేరి నేర్చుకోవాలి. అంటే రానివారు ఉంటారని ఆ సంస్థే గుర్తించిందన్నమాట. చాలా విశ్వవిద్యాలయాల వ్యాయామశాలల్లో ఈత కొలను ఉంటుంది, పెద్దలకు మొదటి నుంచి నేర్పే తరగతులూ దొరుకుతాయి. వీలైతే వీసా పనులు జరుగుతున్న నెలల్లోనే ఇక్కడి మున్సిపల్ ఈత కొలనులో నేర్చుకుని వెళ్లండి. హైదరాబాద్‌లో ఉన్నవారు హుస్సేన్ సాగర్‌లోని సెయిలింగ్ క్లబ్బుల్లో శిక్షణ గురించి అడిగి చూడవచ్చు. డిగ్రీ రోజుల్లో ఎన్‌సీసీ నౌకాదళ విభాగంలో ఉండి తెరచాప పడవ నడిపినవారైతే ఆ సంగతి దరఖాస్తులో తప్పక రాయాలి.

చేరవలసిన సమయం, కాగితాలు

సెమిస్టర్ మొదలైన రెండు వారాల్లోనే చేరిపోవాలి. అప్పుడే క్లబ్బులన్నీ ఒకచోట బల్లలు వేసుకుని కొత్తవారిని పిలుస్తాయి, నీళ్లు కూడా ఇంకా వెచ్చగా ఉంటాయి. ఉత్తరాది రాష్ట్రాల్లో అక్టోబరు దాటితే చలి ముదురుతుంది, శీతకాలంలో మెండోటా వంటి సరస్సులు గడ్డకట్టిపోతాయి. జనవరిలో చేరే విద్యార్థులు వసంతం వరకూ ఆగక తప్పదు. సభ్యత్వ రుసుము చెల్లించే ముందు అందులో శిక్షణ కలిసి ఉందా, విడిగా కట్టాలా అని అడగండి. ప్రమాదం జరిగితే క్లబ్బును బాధ్యులను చేయబోమన్న పత్రం మీద సంతకం చేయమంటారు. దాన్ని చదివి, మీ ఆరోగ్య బీమా ఇలాంటి క్రీడలకు వర్తిస్తుందో లేదో చూసుకున్న తరువాతే సంతకం చేయండి.

బట్టల కోసం పెద్ద ఖర్చు అక్కరలేదు. జీన్స్, నూలు బనియన్లు తడిస్తే బరువెక్కి చలి పుట్టిస్తాయి కాబట్టి త్వరగా ఆరే బట్టలు, జారని అడుగున్న పాత బూట్లు వేసుకుంటే చాలు. కళ్లద్దాలకు మాత్రం తాడు కట్టుకోండి.

నీటి మీద మొదటి రోజులు

శిక్షణ ఒడ్డునే మొదలవుతుంది. తెరచాప ఎక్కించడం, ఎనిమిది అంకె ఆకారపు ముడి, జారని ఉచ్చుగా నిలిచే బౌలైన్ ముడి వేయడం ముందుగా నేర్పుతారు. పడవ ఎక్కాక మొదట గమనించవలసింది తెరచాప అడుగున ఉండే బూమ్ అనే అడ్డ కొయ్యను. పడవ దిశ మారినప్పుడు అది ఒక పక్క నుంచి ఇంకో పక్కకు విసురుగా వస్తుంది. స్కిప్పర్ కేక వేయగానే తల వంచాలి.

తెరచాప పడవ గాలికి నేరుగా ఎదురు పోలేదు. గాలి వచ్చే దిక్కుకు అటూ ఇటూ సుమారు 45 డిగ్రీల మేర ముందుకు సాగని ప్రాంతం ఉంటుంది కాబట్టి ఎదురుగాలిలో వంకరటింకరగా, పక్కలు మార్చుకుంటూ వెళ్లాలి. చుక్కాని పిడిని కుడికి నెడితే పడవ ఎడమకు తిరుగుతుంది. ఇది చేతికి అలవాటు కావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఏం చేయాలో తోచనప్పుడు చేతిలోని తాడు వదిలేయండి. తెరచాప టపటపా కొట్టుకుంటూ గాలిని వదిలేస్తుంది, పడవ నెమ్మదిస్తుంది, ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది.

తరువాత శిక్షకులు కావాలనే పడవను బోల్తా కొట్టిస్తారు. దీన్ని తప్పించుకోవాలని చూడకండి, ఇంతకు మించిన ధైర్యం ఇంకే పాఠమూ ఇవ్వదు. 420 వంటి పడవ పక్కకు ఒరిగిపోగానే ఇద్దరూ నీళ్లలో ఉంటారు. తాళ్లు వదులు చేసి, ఒకరు పడవను వదలకుండా పట్టుకుని అడుగు వైపుకు వెళ్తారు, అక్కడ నీటిపైకి పొడుచుకొచ్చిన సెంటర్‌బోర్డు అనే పలక మీదికి ఎక్కి వెనక్కి వాలుతారు. తెరచాప నీటిని అంటిపెట్టుకుని ఉండడంవల్ల కొన్ని క్షణాలు ఏమీ జరగదు, మన బరువు చాలదేమో అనిపిస్తుంది. తరువాత గుడ్డ మీది నీరు జారిపోయి, పడవ ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది, లోపలి పక్కన ఉన్న రెండోవారు దానితోపాటే పైకి వచ్చేస్తారు. పడవ లేవకపోయినా దాన్ని విడిచి ఒడ్డుకు ఈదబోకండి. ఒంటరి తలకన్నా బోల్తాపడిన పడవే సహాయక బృందానికి త్వరగా కనిపిస్తుంది.

ఒంటరిగా పడవ తీసుకునే అనుమతి

శిక్షణ ముగిశాక చిన్న పరీక్ష పెట్టి, ఎంత గాలిలో ఏ పడవను నడపవచ్చో తెలిపే అనుమతి ఇస్తారు. దారి ఇచ్చే నియమాలు ఇందులో తప్పక అడుగుతారు. రెండు తెరచాప పడవలు ఎదురైతే, ఎడమవైపు నుంచి గాలి తగులుతున్న పడవ తప్పుకోవాలి. రెండింటికీ ఒకే వైపు నుంచి గాలి వస్తుంటే, గాలి వచ్చే వైపున ఉన్నది తప్పుకోవాలి.

అనుమతి వచ్చిన తరువాత కూడా పడవ దింపేటప్పుడూ, సాయంత్రం తెరచాపలు మడిచేటప్పుడూ రేవులో ఉండి నలుగురితో కలిసి పని చేయండి. అనుభవజ్ఞులు క్రూ కావలసి వచ్చినప్పుడు పిలిచేది అక్కడ కనిపించినవారినే. చలికాలంలో పడవల మరమ్మతు జరుగుతుంటే వెళ్లి చేయి అందించండి. మంచు కరిగి పడవలను మళ్లీ నీటిలోకి దింపే రోజు ఎప్పుడో కనుక్కుని, ఆ వారంలో పరీక్షలు పడకుండా ఉంటే ముందుగానే పేరు ఇచ్చి పెట్టుకోండి.