నక్కవుల్లిని గుర్తుపట్టడం ఎలా?

వేసవిలో విశాఖ దగ్గరి సింహాచలం కొండవాలు మీదనో, కంబాలకొండ అంచుల్లోనో నడిచేటప్పుడు నేల మీద కళ్ళు పెట్టి చూడండి. ఎండిన గడ్డి మధ్య, చుట్టూ ఒక్క ఆకైనా లేకుండా నిటారుగా లేచిన పూలకాడ కనిపిస్తే అది నక్కవుల్లి కావచ్చు. అడవి ఉల్లి అని కూడా అంటారు. శాస్త్రీయ నామం డ్రిమియా ఇండికా. పాత పుస్తకాల్లో అర్జీనియా ఇండికా పేరుతో వెతకాలి. మన నేలలో తనంతట తాను పెరిగే మొక్క. గడ్డ పొరలు పొరలుగా అచ్చం ఉల్లిపాయలా ఉంటుంది, కానీ విషం. బడిపిల్లలను కొండలకు తీసుకువెళ్ళి మొక్కలు చూపించే టీచర్ని కాబట్టి ఈ మాట ముందే చెప్పి, ఆ తర్వాతే పువ్వు చూపిస్తాను.

మన దేశంలో ఉల్లి జాతికి చెందిన అడవి మొక్కలు ప్రధానంగా హిమాలయ ప్రాంతాల్లో పెరుగుతాయి. అందుకని విశాఖ కొండల మీద ఉల్లిలాంటిది కనిపిస్తే, ఉల్లి కాదనే అనుమానంతోనే పరీక్ష మొదలుపెట్టండి.

పూత మీద ఉంటే పని తేలిక. ఉల్లి పువ్వుల తొడిమలన్నీ కాడ కొసన ఒకే చోట పుట్టి గుండ్రని బంతిలా విచ్చుకుంటాయి. నక్కవుల్లి పూలు అలా ఉండవు. కాడ పొడవునా ఎడం ఎడంగా, ఒక్కొక్కటి సన్నని పొడవాటి తొడిమకు వేలాడుతుంటాయి. కింది మొగ్గలు ముందు విచ్చుకుంటాయి, పై మొగ్గలు తర్వాత. ఒక్కో పువ్వుకు ఆరు రేకలు. మాసిన తెలుపు, కొంచెం గోధుమ ఛాయ, రేక మధ్యలో ముదురు చార. దూరం నుంచి కంటికి ఆనదు గానీ, దగ్గరగా వంగి చూస్తే ఎంతో సొగసైన పువ్వు.

అయితే పూలన్నీ ఒకే చోట పుట్టాయి కదా అని వెంటనే ఉల్లి అనేయకూడదు. తోటల్లో పెంచే విషముంగలికీ పూలు కాడ కొసన గుత్తిగానే వస్తాయి. దాని పట్టీలాంటి వెడల్పాటి ఆకులు, పెద్ద తెల్లని పూలు చూస్తే తేడా తెలిసిపోతుంది. కుండీల్లో కాడకు ఒక్కటే పువ్వు పూసే రెయిన్ లిల్లీ అమెరికా ఖండాల నుంచి వచ్చిన మొక్క. ఈ రెండూ తినేవి కావు.

అసలు చిక్కు వానాకాలంలో వస్తుంది. తొలకరి పడ్డాక నక్కవుల్లికి ఆకులు పుడతాయి, అప్పటికి పూత అయిపోయి ఉంటుంది. ఆకు బల్లపరుపుగా, సన్నగా, పొడవుగా ఉంటుంది. కూరకు తెచ్చే ఉల్లికాడ లోపల బోలు. అది మంచి గుర్తే, కానీ వెల్లుల్లి ఆకు కూడా బల్లపరుపే కనుక దీని ఒక్కదాని మీద ఆధారపడలేం. చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, ఆకు కొస చిన్న ముక్క తుంచి నలిపి వాసన చూడండి. కవరు ఎందుకంటే దీని రసం తగిలితే చర్మం మండవచ్చు. ఉల్లి ఘాటు లేకపోతే అది ఉల్లి కాదు, అంతే. ఘాటు ఉందనిపిస్తే మాత్రం తొందరపడకండి. పొద్దున వంటింట్లో ఉల్లిపాయలు తరిగిన చేతికి ఆ వాసన చాలాసేపు ఉంటుంది. ఎట్టి పరిస్థితుల్లోనూ రుచి చూడవద్దు.

నక్కవుల్లి గడ్డలో గుండె మీద పనిచేసే గ్లైకోసైడ్లు అనే రసాయనాలు ఉన్నాయి. దగ్గు మందుల్లో దీన్ని వాడిన చరిత్ర ఉంది. కానీ మందుకూ విషానికీ మధ్య ఎడం చాలా తక్కువ కాబట్టి ఇంటి వైద్యానికి పనికిరాదు. ఎవరైనా తిన్నారని తెలిస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా 108కి ఫోన్ చేయండి. మిగిలిన ముక్కను, లేదా మొక్క ఫొటోను డాక్టరుకు చూపించండి.

గడ్డ చూడాలని తవ్వకండి. కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యం, అక్కడ మొక్క పెకలించడం నేరం. ఫొటోలు చాలు: పక్కన స్కేలు పెట్టి మొత్తం మొక్క, పూలకాడ అడుగుభాగం, పువ్వును ఎదురుగా ఒకటి. తేదీతో పాటు అప్పుడు ఆకులు ఉన్నాయో లేవో తప్పకుండా రాసుకోండి. ఆకు లేని పూలకాడను వేసవిలో చూసిన చోటికే వానలు పడ్డాక మళ్ళీ వెళ్ళి, ఆకులకు కూడా ఫొటో తీస్తే ఒకే మొక్క రెండు రూపాలూ మీ దగ్గర ఉంటాయి. వృక్షశాస్త్రం తెలిసినవారికి ఆ రెండూ కలిపి చూపించండి.