బావి రెస్క్యూ శిక్షణకు వెళ్తున్నారా? గట్టు మీద ఆగడం ముందు నేర్చుకోండి

ఫిబ్రవరి దాటగానే బావుల్లో నీళ్లు అడుగంటుతాయి. మోటారును ఇంకాస్త కిందికి దించాలనో, పూడిక తీయించాలనో రైతు మనుషుల్ని మాట్లాడుకుంటాడు. వానలు పడేలోపు మ్యాన్‌హోళ్లు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేయించే పని కూడా ఈ నెలల్లోనే ఊపందుకుంటుంది. "బావిలోకి దిగినాయన పడిపోయాడు, తీయబోయినాయన కూడా లేవడం లేదు" అని ఫైర్ స్టేషన్‌కు ఫోన్ వచ్చే కాలం ఇదే.

ఇలాంటి ఇరుకు చోట్ల నుంచి మనిషిని బయటికి తీయడం నేర్పే కోర్సును కన్‌ఫైన్డ్ స్పేస్ రెస్క్యూ అంటారు. దానికి తాళ్ల పని జోడు. ఫైర్‌మ్యాన్‌లు, ఎస్‌డీఆర్‌ఎఫ్ (రాష్ట్ర విపత్తు స్పందన దళం) కుర్రాళ్లు, ఫ్యాక్టరీ సేఫ్టీ టీముల వాళ్లు, విపత్తుల్లో సాయపడే ఆపద మిత్ర వాలంటీర్లు ఈ ఎండాకాలం అలాంటి కోర్సుకు పేరిచ్చి ఉంటే ఈ నాలుగు మాటలు వాళ్లకోసం. కోర్సులో నేర్పేదంతా ఇక్కడ చెప్పను. వెళ్లే ముందు, వెళ్లాక, తిరిగొచ్చాక పొరపాటు ఎక్కడెక్కడ జరుగుతుందో మాత్రం చెబుతాను.

2015 నవంబరు 26న కేరళలోని కోళికోడ్‌లో జరిగింది గుర్తు చేసుకోండి. మన ఆంధ్రప్రదేశ్ నుంచి పనికి వెళ్లిన ఇద్దరు కార్మికులు మ్యాన్‌హోల్‌లో పడిపోయారు. దగ్గర్లో ఉన్న ఒక ఆటో డ్రైవర్ చూడలేక దిగాడు. ముగ్గురూ పోయారు. ఆ ఆటో డ్రైవర్ మనసును తప్పుపట్టే నోరు ఎవరికీ లేదు. కానీ యూనిఫాం వేసుకున్నవాడు కూడా అదే పని చేస్తే దాన్ని మంచి మనసు అని సరిపెట్టుకోలేం. ఇలాంటి చోట్ల చనిపోయినవాళ్లలో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లేనని అమెరికాలోని నియోష్ అనే వృత్తి భద్రతా సంస్థ 1986లోనే హెచ్చరించింది.

శిక్షణతో ఇంకో చిక్కుంది. ఏమీ తెలియనివాడు భయంతోనైనా ఆగుతాడు. రెండు రోజుల కోర్సు చేసి, సర్టిఫికెట్ చేతికొచ్చినవాడికి ఆ భయం పోతుంది, పని మాత్రం పూర్తిగా రాదు. ఆ మధ్యలో ఉన్నవాడిని చూస్తేనే నాకు ఎక్కువ టెన్షన్.

బయలుదేరే ముందు

గడ్డం నున్నగా గీయించుకోండి. గాలి సిలిండర్‌కు తగిలించే మాస్క్ అంచుకూ చర్మానికీ మధ్య రెండు రోజుల గరుకు గడ్డం ఉన్నా గాలి కారుతుంది. మొక్కు ఉందనో దీక్షలో ఉన్నాననో గడ్డం ఉంచితే తప్పులేదు, అయితే ఆ విడత మాస్క్ పెట్టుకునే కోర్సుకు వెళ్లకండి. కళ్లజోడు కాడలు కూడా సీల్‌ను పాడు చేస్తాయి. మాస్క్ లోపల బిగించుకునే ఫ్రేములు దొరుకుతాయి, ముందే అడిగి పెట్టించుకోవాలి.

బీపీ, షుగర్, ఆయాసం, ఎప్పుడో చిన్నప్పుడు వచ్చిన ఫిట్స్ లాంటివి దాచకండి. ఇరుకు గదిలో ఊపిరాడనట్టు అనిపించే భయం ఉంటే అదీ చెప్పండి. అది పిరికితనం కాదు. నేను మొదటిసారి మాస్క్‌కు నల్లగుడ్డ కట్టుకుని హ్యూమ్ పైపులో (పెద్ద సిమెంటు గొట్టంలో) పాకినప్పుడు సగం దూరం పోకముందే, సిలిండర్‌లో గాలి అయిపోవస్తోందని చెప్పే విజిల్ మోగింది. సిలిండర్‌లో లోపమేమీ లేదు. భయంతో రెండింతలు గాలి పీల్చేశాను, అంతే. ఆ రోజు ఇన్‌స్ట్రక్టర్ నవ్వకుండా మళ్లీ పంపించారు కాబట్టి నిలబడ్డాను.

టీటీ ఇంజెక్షన్ వేయించుకుని వెళ్లండి. మురుగులో గీసుకుపోతే ధనుర్వాతం, ఎలుక జ్వరం రెండింటికీ దారి ఉంటుంది, టీటీ ఆపేది ధనుర్వాతాన్నే. ముందు రోజు రాత్రి మందు ముట్టకండి. రంజాన్ ఉపవాసంలో ఉంటే ఇన్‌స్ట్రక్టర్‌కు చెప్పి పొద్దున్నే మొదటి బ్యాచ్‌లో దిగండి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర మామూలుగా నిలబడితేనే కళ్లు తిరుగుతాయి. వీపు మీద పది పదిహేను కిలోల బీఏ సెట్ (గాలి సిలిండర్, మాస్క్), ఒంటి మీద మందపాటి డ్రెస్సు ఉంటే చెప్పేదేముంది? ఒంటి మీద బరువుండే పని పొద్దున పదింటిలోపు ముగించి, మధ్యాహ్నం నీడలో ముడులు, లెక్కలు చేయించే శిక్షణే మంచి శిక్షణ. మధ్యాహ్నం రెండింటికి ఎండలో నిలబెట్టి "గట్టిపడతారు" అనే చోట గట్టిపడేది ఎవరూ ఉండరు, వడదెబ్బ తగిలి పడిపోయేవాళ్లే ఉంటారు.

కోర్సు ఎక్కడైనా సరే, ఇన్‌స్ట్రక్టర్‌ను ఒక ప్రశ్న అడగండి: మొదటి రోజు మమ్మల్ని ఎక్కడికి దించుతారు? రెండు వైపులా తెరిచి ఉన్న పొడి పైపులు, కట్టిన నమూనా గదులు అంటే నమ్మొచ్చు. నిజంగా వాడుతున్న సెప్టిక్ ట్యాంకు, పాడుబడ్డ బావి అంటే పేరు వెనక్కి తీసుకోండి. తాడుతో మొదట ఎత్తాల్సింది ఇసుక నింపిన డమ్మీని. మనిషిని ఎత్తే రోజున బరువు మోసే తాడు ఒకటి, అది తెగితే పట్టుకునే తాడు ఇంకొకటి, వేర్వేరు ఆధారాలకు కట్టి ఉండాలి. ఏ పనీ చేయకుండా కేవలం తప్పులు చూస్తూ, ఎప్పుడైనా "ఆపండి" అనే హక్కున్న సేఫ్టీ మనిషి ఒకరు ఉండాలి. ఆయన ఎవరో మొదటి గంటలోనే తెలియాలి.

గాలి సంగతి

కోర్సు మొత్తంలో ప్రాణం తీసేదీ, ప్రాణం పోసేదీ ఇదే కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5 కంటే తగ్గితే గాలి సిలిండర్ లేకుండా దిగకూడదు. 23.5 దాటితే ఇంకో ప్రమాదం, చిన్న నిప్పురవ్వకే బట్టలు భగ్గుమంటాయి. అందుకే "గాలి ఆడటం లేదు" అని ఆసుపత్రి ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి బావిలోకి వదిలే అలవాటును ఎక్కడ చూసినా ఆపించండి.

మురుగులో, కుళ్లిన పూడికలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. వాసన పోయింది కదా, గ్యాస్ పోయిందనుకుంటారు. 100 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో వంద భాగాలు) దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారి వాసన తెలియదు. గ్యాస్ అక్కడే ఉంటుంది, పోయింది మన ముక్కే. 500 దాటితే నిమిషాల మీద పని, వెయ్యి దగ్గర రెండు మూడు ఊపిరులకే మనిషి కూలిపోవచ్చు. పైగా ఇది గాలి కంటే బరువు, అడుగున కూర్చుంటుంది. మీథేన్ తేలిక, పైకి లేస్తుంది. పైన ఒకచోట గ్యాస్ మీటర్ పెట్టి చూసి "అంతా బాగుంది" అనడానికి వీల్లేనిది అందుకే. పైన, మధ్యలో, అడుగున విడివిడిగా చూడాలి. ట్యూబ్ వదిలి చూస్తుంటే గాలి మీటర్‌దాకా రావడానికి టైం పడుతుంది, ట్యూబ్ ఎంత పొడుగైతే అంత ఎక్కువసేపు ఆగాలి.

వరుస కూడా ముఖ్యం. ముందు ఆక్సిజన్, తర్వాత మండే గ్యాస్, ఆ తర్వాత విషవాయువులు. మండే గ్యాస్‌ను కనిపెట్టే మామూలు సెన్సర్ పనిచేయడానికి ఆక్సిజన్ కావాలి, అది లేనిచోట సున్నా చూపించి మోసం చేస్తుంది. మండే గ్యాస్ పేలే కనీస స్థాయిలో పదో వంతుకు చేరినా బయటికి వచ్చేయాలి.

పెద్దవాళ్లు బావిలోకి లాంతరు దించి చూసేవాళ్లు. ఆరిపోతే దిగేవాళ్లు కాదు. అది ఆక్సిజన్ బాగా తగ్గిందని చెబుతుంది, నిజమే. కానీ మనిషిని చంపేంత హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నా, డీజిల్ ఇంజిన్ వదిలిన కార్బన్ మోనాక్సైడ్ ఉన్నా దీపం చక్కగా వెలుగుతుంది. సెప్టిక్ ట్యాంకులోకి అదే దీపం దించితే మీథేన్ అంటుకుంటుంది. మీరు శిక్షణ పొంది వెళ్లాక ఊళ్లో ఎవరో ఒక పెద్దాయన దీపం సలహా ఇస్తాడు. మర్యాదగా వద్దని చెప్పండి, మీటర్ చూపించండి.

మీటర్‌ను వాడే ముందు టెస్ట్ గ్యాస్‌తో పరీక్షించాలి, శుభ్రమైన గాలిలో సున్నా చేయాలి. ఒక శిక్షణలో నా కళ్లముందే, ఇంజిన్ ఆన్‌లో ఉన్న ఫైర్ టెండర్ వెనక నిలబడి సున్నా చేశారు. పొగలో సున్నా చేసిన మీటర్ ఆ రోజంతా అబద్ధమే చెప్పింది. అదృష్టం, అది పొడి పైపుల్లో జరిగిన ప్రాక్టీసు. అదే బండి బావి గట్టు పక్కన ఆగితే దాని పొగ నేరుగా బావిలోకే దిగుతుంది. బావిలోకి గాలి కొట్టే బ్లోయర్ ఫ్యాన్ గాలి పీల్చే మూతి పక్కన బండి ఉన్నా అంతే, మనమే విషం పంపుతున్నట్టు. బ్లోయర్ గొట్టాన్ని అడుగుదాకా దించి మంచి గాలిని లోపలికి కొట్టాలి.

ఒక్కసారి చూసి వదిలేయడం ఇంకో తప్పు. పూడిక కదలనంతసేపు గ్యాస్ అందులో బందీగా ఉంటుంది. కాలు పెట్టి కలిపిన మరుక్షణం పైకి వస్తుంది. మీటర్ మనిషితోపాటు దిగాలి, బయటికి వచ్చేదాకా మోగడానికి సిద్ధంగా ఉండాలి.

సిలిండర్ లెక్క కాగితం మీద వేసుకోండి. ఆరు లీటర్ల సిలిండర్ 300 బార్ ఒత్తిడికి నింపితే 1800 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్లు అనుకుంటే 45 నిమిషాలు. కష్టపడి మనిషిని ఎత్తేవాడు 60 దాటి పీలుస్తాడు, అప్పుడు అరగంటే. విజిల్ మోగేది 50, 55 బార్ దగ్గర, అప్పటికి మీరు పైకి వస్తూ ఉండాలి. విజిల్ విని అప్పుడు తిరగడం మొదలుపెట్టే అలవాటు పొడి పైపుల్లో అయినా చేసుకోకండి. ఎవరు ఎప్పుడు ఎంత గాలితో దిగారో బోర్డు మీద రాసే మనిషి పైన ఉండాలి. ఇరుకుగా ఉంది కదా అని సెట్ వీపు మీద నుంచి తీసి దూరడం అసలే వద్దు.

తాడు, గట్టు, కరెంటు

హార్డ్‌వేర్ షాపు నైలాన్ తాడు బరువులకే, మనుషులకు కాదు. రెస్క్యూకు వాడేది లోపల దారాల కట్ట, పైన అల్లిన తొడుగు ఉన్న కెర్న్‌మాంటిల్ తాడు, అదీ పెద్దగా సాగని రకం. దాన్ని తొక్కకండి, ఎండలో వదిలేయకండి, బండి బ్యాటరీ పక్కన పెట్టకండి. యాసిడ్ తగిలిన తాడు పైకి బాగానే కనిపిస్తూ లోపల చచ్చిపోతుంది. తాడును తగిలించే మీ కారాబినర్ కొక్కేనికి లాక్ పడిందో లేదో మీ జోడీ చూడాలి, ఆయనది మీరు చూడాలి.

మన వ్యవసాయ బావులకు విదేశీ కోర్సు ఫొటోల్లోని మూడు కాళ్ల ట్రైపాడ్ సరిపోదు. దాని కాళ్లు ఒక మ్యాన్‌హోల్‌ను చుట్టుకుంటాయి గానీ ఇరవై అడుగుల వెడల్పు బావిని కాదు. చాలా బావులకు గట్టే ఉండదు, ఉన్నా మట్టి వదులు. అంచుకు దూరంగా పలకలు పరిచి, ఆధారాన్ని వెనక్కి కట్టి, నిచ్చెనతో అంచు మీద ఎత్తు తెప్పించే పద్ధతిని నేర్పమని అడగండి. బండినే ఆధారంగా కడితే ఇంజిన్ ఆపి, చక్రాలకు అడ్డం పెట్టి, తాళంచెవి సేఫ్టీ మనిషి జేబులో వేయాలి.

కరెంటు సంగతి పట్నం ఇన్‌స్ట్రక్టర్లు మర్చిపోతారు. బావిలో మోటారు, వైర్లు, తడి ఉంటాయి. స్టార్టర్ ఆఫ్ చేశామని రైతు చెబుతాడు. ఆటో స్టార్టర్ ఉంటే కరెంటు రాగానే మోటారు తనంతట తానే తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లైన్‌మన్‌తో ఫ్యూజులు తీయించి, అక్కడ ఒక మనిషిని కాపలా పెట్టాకే దిగాలి.

సంకేతాలు కోర్సుకో రకం. ఒక చోట తాడు మూడుసార్లు లాగితే పైకి తీయమని, ఇంకో చోట ఇంకేదో. 2025 ఫిబ్రవరి 22న తెలంగాణలోని ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు ఎన్‌డీఆర్‌ఎఫ్, ఆర్మీ, సింగరేణి రెస్క్యూ, ఇంకా ఎన్నో బృందాలు ఒకే చోట పనిచేశాయి. పెద్ద ప్రమాదంలో మీ పక్కవాడు మీ కోర్సు చేసినవాడు కాకపోవచ్చు. దిగే ముందు ప్రతిసారీ సంకేతాలు నోటితో చెప్పుకోండి.

ఊళ్లో జనం మధ్య

దిగకుండానే తీయగలిగితే అదే మేలైన రెస్క్యూ. పనిచేసేవాడు మొదటి నుంచీ హార్నెస్ (ఒంటికి బిగించే పట్టీలు) వేసుకుని, పైన తాడు కట్టి ఉంటే ఎవరూ దిగక్కర్లేదు. రక్షణ సామగ్రి లేకుండా మురుగు ట్యాంకుల్లోకి మనిషిని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మీ స్టేషన్ పరిధిలో పూడిక పనులు ఎవరు చేస్తారో కనుక్కుని, కోర్సు నుంచి వచ్చిన వారంలోనే వాళ్లకు ఒక గంట చెప్పండి. ఫోన్ వచ్చాక చేసేదానికంటే ఇది ఎక్కువ ప్రాణాలు కాపాడుతుందని నా నమ్మకం.

అయినా ఫోన్ వస్తుంది. మీరు వెళ్లేసరికి బావి చుట్టూ రెండు వందల మంది ఉంటారు. తల్లి గుండెలు బాదుకుంటూ ఉంటుంది. "చూస్తూ నిలబడ్డారేందయ్యా, దిగండి" అని వెనక నుంచి నెడతారు. ఎవడో తమ్ముడు తాడు నడుముకు కట్టుకుని ఉంటాడు. జనాన్ని వెనక్కి జరపడానికి ఒకరిని, ఇంటివాళ్లతో మాట్లాడటానికి ఇంకొకరిని ముందే పెట్టుకోండి.

ఇది కోర్సులో ఎక్కువగా వదిలేసే పాఠం. మీరే అడిగి చేయించుకోండి. ఆఖరి రోజు ప్రాక్టీసులో నలుగురిని చుట్టూ నిలబెట్టి ఏడవమనండి, తిట్టమనండి, చొక్కా పట్టుకుని లాగమనండి. ఆ గోలలో మీటర్ దించి, ట్యూబ్‌లో గాలి వచ్చేదాకా ఆగి, మూడు చోట్ల అంకెలు గట్టిగా చదివి బోర్డు మీద రాయించండి. ఆ రాత పూర్తయ్యేలోపు కాలు గట్టు దాటినవాడిని ఆ రోజుకు ఫెయిల్ చేయమని ఇన్‌స్ట్రక్టర్‌తో ముందే ఒప్పుకోండి.