పెద్ద కిడ్నీ రాయికి పీసీఎన్ఎల్: క్యాష్‌లెస్ అప్రూవల్ ఎలా పెట్టాలి, ఎక్కడ ఆగిపోతుంది

అప్రూవల్ రాలేదని హాస్పిటల్ ఇంటికి పంపించేసిన పేషెంట్లని, "నేను మాట్లాడి చేయిస్తా" అన్నవాడి చేతిలో డబ్బులు పెట్టేసిన వాళ్లని చూసి ఇది రాస్తున్నా. ఆ మధ్యవర్తి చేసే పని ఏమీ లేదండి, ఫైల్ సరిగ్గా ఉంటే దానంతట అదే కదులుతుంది.

రాయి 2 సెంటీమీటర్లు దాటితే మామూలుగా డాక్టర్లు చెప్పేది పీసీఎన్ఎల్. వీపు వైపు సుమారు 1 సెంటీమీటర్ గాటు పెట్టి, కిడ్నీలోకి దారి చేసి, రాయిని లోపలే పగలగొట్టి ముక్కలు బయటికి తీస్తారు. ఎక్కువ కేసుల్లో ముందే డేట్ పెట్టుకుని చేసే ఆపరేషన్ కాబట్టి ఇన్సూరెన్స్ అయినా హెల్త్ స్కీమ్ అయినా ముందస్తు అనుమతి అడుగుతారు. కార్డు, ఐడీ తీసుకుని, హాస్పిటల్ మీ ఇన్సూరెన్స్ లేదా స్కీమ్ లిస్టులో ఉందో లేదో చూసుకుని అక్కడి ఇన్సూరెన్స్ డెస్క్‌కి వెళ్తే ఫారం ఇస్తారు, డాక్టర్ భాగం డాక్టర్ నింపుతారు. ఖాళీ ఫారం మీద మాత్రం సంతకం పెట్టొద్దు.

అసలు చిక్కు స్కాన్ రిపోర్ట్ దగ్గర. చాలామంది ఎప్పుడో తీయించిన అల్ట్రాసౌండ్ ఒక్కటే పెడతారు, అందులో "మల్టిపుల్ కాలిక్యులై" (చాలా రాళ్లు) అని ఉంటుంది, సైజు ఉండదు. అప్రూవ్ చేసేవాళ్లు మిమ్మల్ని చూడరు కదా, కాగితమే చూస్తారు, సైజు లేకపోతే ఇంత ఆపరేషన్ ఎందుకని అడుగుతారు. అందుకే నాన్ కాంట్రాస్ట్ సీటీ కేయూబీ (మందు ఎక్కించకుండా కిడ్నీలు, మూత్రనాళాలు, మూత్రాశయం చూసే సీటీ స్కాన్) రిపోర్ట్ పెట్టండి, డెస్క్‌లో ఇచ్చే ముందు మీరే ఒకసారి చదవండి: రాయి ఏ వైపు, ఎన్ని మిల్లీమీటర్లు, కిడ్నీలో ఎక్కడుంది. సీటీలో "లెఫ్ట్, 24 ఎంఎం" అని ఉండి అడ్మిషన్ నోట్‌లో "రైట్" అని పడితే ఫైల్ అక్కడే ఆగుతుంది, ఆగాలి కూడా, ఎందుకంటే అది మీ ఒంటికి సంబంధించిన విషయం. వెంటనే డాక్టర్‌కి చూపించి సరిచేయించండి. పేరు, ఇంటిపేరు కార్డులో ఉన్నట్టే ఉండాలి.

"క్వెరీ వచ్చింది" అంటే అప్రూవ్ చేసేవాళ్లు ఇంకేదో అడిగారని, రిజెక్ట్ అయినట్టు కాదు, కంగారు పడకండి. ఏం అడిగారో ప్రింట్ తీసి ఇమ్మనండి, అడిగిన కాగితం ఇస్తే మళ్లీ చూస్తారు.

అప్రూవల్ వచ్చాక కూడా యూరిన్ కల్చర్‌లో (మూత్రంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) ఇన్ఫెక్షన్ కనిపిస్తే ఆపరేషన్ వాయిదా వేసి ముందు యాంటీబయాటిక్స్ ఇస్తారు. డబ్బుల కోసం తిప్పుతున్నారని అనుకోవద్దు, ఇన్ఫెక్షన్ ఉండగా రాయి పగలగొడితే అది రక్తంలోకి పాకి ప్రాణం మీదకి రావొచ్చు. అప్రూవల్ గడువు ఎప్పటిదాకానో మాత్రం కనుక్కోండి. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు మానేయొద్దు.

ఇంకొకటి, ఇది ఎవరూ అడగరు. ఆపరేషన్ తర్వాత చాలామందికి లోపల డీజే స్టెంట్ (కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా ఉండే సన్నని గొట్టం) పెడతారు. దాన్ని తీయడం ఇదే అప్రూవల్‌లో వస్తుందా, విడిగా పెట్టాలా అని ముందే అడగండి, రాయి కొంత మిగిలి రెండోసారి చేయాల్సొస్తే ఏంటని కూడా అడగండి. డిశ్చార్జ్ కాగితంలో స్టెంట్ తీసే తేదీ రాయించుకోండి, మర్చిపోయి నెలల తరబడి వదిలేస్తే దాని మీదే మళ్లీ రాయి పేరుకుంటుంది.